తేదీలతో కట్టిన తీర్పు

తీర్పు అనగానే మనవాళ్ళు చివరి పేజీ తిప్పుతారు. బెయిలు వచ్చిందా, కొట్టేశారా? అది తెలిస్తే చాలు, మిగతాది లాయర్ల గొడవ. రాజకీయ నాయకుడి అవినీతి కేసైతే మరీను: ఒక వర్గానికి పండగ, ఇంకో వర్గానికి కోర్టుల మీద అనుమానం. ఈ సందడిలో ఆ తీర్పును ఎలా రాశారు, ఏ వాదాన్ని ఎక్కడ పెట్టారు, దేన్ని కావాలని ముట్టుకోకుండా వదిలేశారు అని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. నాకు మాత్రం ఆ రాతపని మీదే మోజు. అలా చదివిన వాటిలో పదేపదే తెరిచి చూడాలనిపించేది, 2024 ఆగస్టు 9న మనీష్ సిసోదియా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రాసింది జస్టిస్ బి.ఆర్. గవాయ్. ధర్మాసనంలో ఆయనతో ఉన్నది జస్టిస్ కె.వి. విశ్వనాథన్.

ఢిల్లీ మద్యం విధానంలో అవినీతి జరిగిందా లేదా అన్నది ఈ వ్యాసానికి సంబంధించిన సంగతి కాదు. ఆ తీర్పూ తన బరువును దాని మీద మోపలేదు. అందులోని మొదటి నేర్పు అదే.

ముందు కేసు నడక చూడాలి. 2021-22 ఢిల్లీ ఎక్సైజ్ విధానంపై 2022 ఆగస్టు 17న సీబీఐ ఎఫ్‌ఐఆర్ కట్టింది. అయిదు రోజుల తర్వాత, 22న, ఈడీ మనీలాండరింగ్ కేసు పెట్టింది. ఢిల్లీ ఉప ముఖ్యమంత్రిగా ఉన్న సిసోదియాను 2023 ఫిబ్రవరి 26న సీబీఐ అరెస్టు చేసింది. ఆయన కస్టడీలో ఉండగానే మార్చి 9న ఈడీ కూడా అరెస్టు చూపించింది. ట్రయల్ కోర్టు మార్చి 31న సీబీఐ కేసులో, ఏప్రిల్ 28న ఈడీ కేసులో బెయిలు నిరాకరించింది. హైకోర్టు మే 30న ఒకటి, జూలై 3న ఇంకొకటి కొట్టేసింది. చివరికి 2023 అక్టోబర్ 30న సుప్రీంకోర్టు కూడా కాదంది. ఆ ధర్మాసనంలో ఉన్నది జస్టిస్ సంజీవ్ ఖన్నా, మన మదనపల్లె నుంచి వెళ్ళిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి.

అంటే గవాయ్ గారి బల్ల మీదికి ఫైలు వచ్చేసరికి దారిలో మూడు అడ్డంకులున్నాయి. మనీలాండరింగ్ నిరోధక చట్టంలోని 45వ సెక్షన్ మొదటిది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని, బయటికి వస్తే మళ్ళీ నేరం చేయడని కోర్టు తృప్తి పడితే తప్ప ఆ సెక్షన్ కింద బెయిలు ఇవ్వకూడదు. 2017లో ఈ జంట షరతులను సుప్రీంకోర్టే కొట్టేసింది. పార్లమెంటు మరుసటి ఏడాది సవరణ తెచ్చింది. 2022 జూలైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఇద్దరు న్యాయమూర్తులు దాన్ని తోసిరాజనలేరు. రెండోది, ఇదే కోర్టు తొమ్మిది నెలల కిందట ఇదే మనిషికి బెయిలు నిరాకరించడం. మూడోది చిన్నదిగా కనిపించినా అన్నిటికన్నా తలనొప్పి: అసలు ఈ పిటిషన్ ఇక్కడికి రావడమే తప్పన్న ప్రాథమిక అభ్యంతరం.

మూడింటిలో దేన్నీ బద్దలు కొట్టకుండా పక్కనుంచి దారి తీయడమే ఈ తీర్పు పనితనం. ఆ దారి వేయడానికి వాడిన సామగ్రి కూడా బయటినుంచి తెచ్చింది కాదు. చాలావరకు ప్రాసిక్యూషన్ నోటినుంచి వచ్చిన మాటలు, వాళ్ళే దాఖలు చేసిన కాగితాలు, కోర్టు రికార్డులో అప్పటికే పడివున్న తేదీలు.

అక్టోబర్ ఉత్తర్వు దగ్గరికి వెళ్దాం. అది బెయిలు నిరాకరించిన ఉత్తర్వే. నిందితుల మీద వచ్చిన పెద్ద ఆరోపణల్లో కొన్నింటిపై ప్రశ్నలు లేవనెత్తుతూనే, టోకు పంపిణీదారులకు అదనంగా దక్కిందంటున్న 338 కోట్ల రూపాయల విషయంలో ప్రాసిక్యూషన్ వాదనకు ప్రాథమికంగా ఆధారం కనిపిస్తోందంది. అయితే చివరికి వచ్చేసరికి జస్టిస్ ఖన్నా రెండు సంగతులు రాసిపెట్టారు. ఒకటి, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో విచారణ ముగించేందుకు చర్యలు తీసుకుంటామని ప్రాసిక్యూషన్ తరఫున కోర్టులో ఇచ్చిన హామీ. రెండు, వచ్చే మూడు నెలల్లో విచారణ నత్తనడక నడిస్తే నిందితుడు మళ్ళీ బెయిలు అడగవచ్చన్న వెసులుబాటు. నిరాకరణ ఉత్తర్వులో ఇవి ఓ మూలన ఉన్న వాక్యాలు. మర్నాటి పేపర్లలో 338 కోట్లే హెడ్డింగు.

ఆ మూల వాక్యాలను గవాయ్ గారు ప్రోనోటులా బయటికి తీశారు. ఎవరు రాసిచ్చారు, ఏ తేదీన రాసిచ్చారు, గడువెప్పటికి తీరింది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు కాగితం మీదే ఉంది. ఇక వాదించడానికి మిగిలింది తక్కువ. పాత ఉత్తర్వును తప్పనలేదు. దాన్ని మార్చలేదు. దాన్నే అమలు చేస్తున్నట్టు రాశారు. సహోదర ధర్మాసనం మాటను గౌరవిస్తూనే దాని ఫలితానికి పూర్తి వ్యతిరేకమైన ఫలితం చేరుకోవడం అంత తేలికైన పని కాదు. అది చేస్తూ కూడా ఎక్కడా గొంతు పెంచలేదు.

రెండో అడ్డంకి తొలగిన తీరే మొదటిదానికీ పనికొచ్చింది. 45వ సెక్షన్‌తో నేరుగా తలపడితే నిందితుడు నిర్దోషిలా ఉన్నాడని నమ్ముతున్నామనైనా అనాలి, లేదా మూడు తలల ధర్మాసనం మాటను దాటనైనా దాటాలి. ఆ రెండూ చేయలేదు. విచారణ ఆలస్యమై, జైలు వాసం దీర్ఘమైనప్పుడు బెయిలు హక్కును ఆ సెక్షన్‌లోకి కలుపుకుని చదవాలని అక్టోబర్ ఉత్తర్వులోనే ఉంది. బెయిలు నిరాకరించిన కాగితంలోనే బెయిలుకు కావలసిన సూత్రం దొరికింది. మూడేళ్ళ ముందు, 2021 ఫిబ్రవరిలో, కె.ఎ. నజీబ్ కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం విషయంలోనూ ఇలాంటి మాటే చెప్పింది. అక్కడ మొదలైన దారి ఇక్కడికి వచ్చింది.

ఇప్పుడు ఆ ప్రాథమిక అభ్యంతరం సంగతి. అక్టోబర్ ఉత్తర్వు తర్వాత సిసోదియా మళ్ళీ ట్రయల్ కోర్టుకు వెళ్ళారు. 2024 ఏప్రిల్ 30న అక్కడ కొట్టేశారు. మే 21న హైకోర్టులో కొట్టేశారు. సుప్రీంకోర్టుకు వస్తే అవి వేసవి సెలవులు. జూన్ 4న సెలవుల బెంచి ముందు సొలిసిటర్ జనరల్ ఓ హామీ ఇచ్చారు: జూలై 3 కల్లా తుది ఫిర్యాదు, తుది చార్జిషీటు వేసేస్తాం. ఆరు నుంచి ఎనిమిది నెలల గడువు ఇంకా తీరలేదు కాబట్టి, అవి దాఖలయ్యాక అభ్యర్థనను మళ్ళీ తాజాగా లేవనెత్తవచ్చని చెప్పి బెంచి పిటిషన్‌ను ముగించింది. జూలై 3 దాటాక ఆయన సుప్రీంకోర్టుకే వచ్చారు. అదనపు సొలిసిటర్ జనరల్ ఎస్.వి. రాజు అడ్డు చెప్పారు. తాజాగా అంటే ట్రయల్ కోర్టు దగ్గర మొదలుపెట్టి రావాలి, నేరుగా ఇక్కడికి ఎలా వస్తారన్నది ఆయన వాదన.

సాంకేతికంగా అందులో పస లేదనలేం. చాలామంది న్యాయమూర్తులు దాన్ని పట్టుకునే ఫైలు వెనక్కి పంపేవారు. చేతులకు మట్టి అంటదు. కానీ తీర్పు ఆ జూన్ 4 ఉత్తర్వును ఏ సందర్భంలో ఇచ్చారో చూసి చదివింది. ట్రయల్ కోర్టు, హైకోర్టు రెండూ అప్పటికే కాదన్నాయి. ఆ నిరాకరణల మీదే పిటిషన్ ఇక్కడికి వచ్చింది. బెంచి దాన్ని ఆపింది కేవలం ఓ హామీని చూసి. మళ్ళీ మొదటి గడిలోకి పంపితే అది వైకుంఠపాళి ఆట అవుతుందని తీర్పు అంటుంది. ఇంత ముక్కుసూటి తీర్పులో ఇంత ఆటపాటల మాట ఇదొక్కటే. అందుకే అది గుర్తుండిపోయింది, పేపర్లూ దాన్నే ఎత్తి రాశాయి. ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయంలో గుమ్మం గుమ్మం తిప్పడం న్యాయాన్ని వెక్కిరించడమేనని ఆ వెంటనే చెప్పి, ఈ అంశాన్ని అక్కడితో ముగించారు. వాక్యాలు లెక్కపెట్టినట్టుంటాయి.

నాకన్నిటికన్నా నచ్చింది దాని తర్వాత వచ్చే భాగం. ఆలస్యానికి కారణమెవరన్న ప్రశ్న.

అవినీతి కేసుల్లో బెయిలు వాదనలు ఇంచుమించు ఎప్పుడూ ఇక్కడే చిక్కుకుంటాయి. విచారణ సాగడం లేదని నిందితుడు అంటాడు. సాగనివ్వనిది నువ్వేనని ప్రాసిక్యూషన్ అంటుంది. పిటిషన్ మీద పిటిషన్ వేస్తాడు, కాగితాలు అడుగుతాడు, వాయిదాలు తింటాడు, ఆ తర్వాత ఆలస్యమైందని బెయిలు అడుగుతాడు. ఇది ఉత్త ఆరోపణేం కాదు. మన జిల్లా కోర్టుల్లో ఏసీబీ కేసుల వాయిదాలు చూసినవాళ్ళకు అందులో నిజమెంతో తెలుసు. ఈ కేసులో కూడా ట్రయల్ కోర్టు, హైకోర్టు ఆలస్యానికి చాలావరకు నిందితుడే కారణమన్నాయి.

ఆ మాటను తీర్పు అక్కడితో వదల్లేదు. విచారణలో న్యాయమూర్తులు సూటిగా ఓ ప్రశ్న వేశారు: నిందితుడు వేసిన పిటిషన్లలో ఒక్కదాన్నయినా పనికిమాలినదనో, కాలయాపన కోసం వేసిందనో ట్రయల్ కోర్టు తేల్చిన ఉత్తర్వు చూపించండి. చూపించలేకపోయారు. ఆ సంగతిని తీర్పులో రాసిపెట్టారు. లాయర్లకు ఇదొక పాఠం. ఎదుటిపక్షం ఓ గాలిమాట అంటే, దాన్ని గాలిమాట అని తిట్టనక్కర్లేదు. దానికి ఆధారమైన కాగితం అడిగితే సరిపోతుంది.

తర్వాత మెట్టు అంకెలు. సీబీఐ, ఈడీ కేసులు రెంటిలో కలిపి సాక్షులు 493 మంది. పత్రాలు 69,000 పేజీలు. డిజిటల్ రూపంలోకి మార్చినవి లక్ష పేజీల పైమాటే. ఇన్ని కాగితాలు నెత్తిన పెట్టినప్పుడు వాటిని చూసుకోవడానికి నిందితుడు సమయం అడగడం ఆలస్యం చేయడమెలా అవుతుంది? దర్యాప్తు సంస్థ సేకరించి కూడా చార్జిషీటులో ఆధారంగా చూపని కాగితాలుంటాయి. నిందితుడికి పనికొచ్చేవి ఒక్కోసారి వాటిలోనే దొరుకుతాయి. వాటిని చూడాలని అడగడం న్యాయమైన విచారణ హక్కులో భాగమంది తీర్పు. ఇదే అంకెలను ప్రాసిక్యూషన్ కేసు తీవ్రత చూపించడానికి వాడుతుంది. ఇంత పెద్ద కుంభకోణం, ఇన్ని వేల పేజీలు, ఇంతమంది సాక్షులు అని. తీర్పు ఆ దొంతరనే తీసుకుని, అయితే ఈ విచారణ దగ్గర్లో ముగిసే దారేదీ లేదన్నమాట అని తేల్చింది. ఒక్క అంకె మార్చలేదు.

ఇక్కడ తీర్పు చెప్పని ఒక సంగతి నాకు కొట్టొచ్చినట్టు కనబడింది. అక్టోబర్ 2023 ఉత్తర్వులో సీబీఐ కేసులో 294 మంది సాక్షులు, 31,000 పైచిలుకు పేజీలు అని ఉంది. ఈడీ కేసులో 162 మంది, 25,000 పేజీలు. కలిపితే 456 మంది సాక్షులు, సుమారు 56,000 పేజీలు. ఆరు నుంచి ఎనిమిది నెలల్లో ముగిస్తామన్న హామీ ఆ లెక్కల మీద ఇచ్చిందే. తొమ్మిది నెలలు గడిచేసరికి ఒక్క సాక్షినీ విచారించలేదు సరికదా, సాక్షుల జాబితా, పేజీల లెక్క రెండూ పెరిగాయి. పని తగ్గాల్సిన కాలంలో పని పెరిగింది. ఈ రెండు లెక్కల్నీ తీర్పు పక్కపక్కన పెట్టివుంటే ఇంకా పదునెక్కేది.

కానీ పక్కపక్కన పెట్టిన రెండు తేదీలు మాత్రం ప్రాసిక్యూషన్‌ను కట్టిపడేశాయి. ఎనిమిది నెలల గడువు 2024 జూన్ నెలాఖరుకు తీరుతుంది. జూన్ 4న ఇచ్చిన హామీ ప్రకారం తుది చార్జిషీటు వచ్చేదే జూలై 3కి. దర్యాప్తే అప్పటికి ముగుస్తుందంటే విచారణ అంతకుముందే ఎలా మొదలయ్యేది? మేం సిద్ధంగా ఉన్నాం, నిందితుడే సాగనివ్వలేదన్న వాదనకూ, జూలై 3 వరకు టైమివ్వండన్న హామీకీ పొసగదు. రెండూ ఒకే పక్షం మాటలు. ఆ పొసగనితనాన్ని చూపించి తీర్పు ముందుకు వెళ్ళిపోయింది. ఇంకొకరైతే ఇక్కడ రెండు పేజీలు ఎగిరి గంతేసేవారు.

పూర్వ తీర్పులను ఉదహరించడంలో ఈ తీర్పు అంత పొదుపరి కాదు. పాత తీర్పులనుంచి పొడుగాటి భాగాలు దించే అలవాటు మన సుప్రీంకోర్టుకుంది. ఇక్కడా ఆ బరువు తప్పలేదు. అయితే వాటిలో ఒక గొలుసు తెలుగు పాఠకుడు ఆగి చూడదగ్గది. బెయిలు నిరాకరణను శిక్షగా వాడకూడదు, బెయిలు షరతుల ఉద్దేశం మనిషి విచారణకు హాజరయ్యేలా చూడటమేనని 1898లో ఇంగ్లండులో లార్డ్ రసెల్ అన్నారు. దాన్ని 1977 డిసెంబర్‌లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ‘గుడికంటి నరసింహులు’ కేసులో ఎత్తి చూపారు. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన హత్య కేసు. సెషన్స్ కోర్టు విడిచిపెట్టిన వాళ్ళకు హైకోర్టు శిక్ష వేస్తే, అప్పీలు పెండింగులో ఉండగా బెయిలు అడిగారు. ఆ కృష్ణయ్యర్ మాటను 2024లో జావేద్ గులాం నబీ షేక్ కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం తిరిగి ఎత్తుకుంది. నాలుగేళ్ళుగా జైల్లో మగ్గుతున్న ఓ సామాన్యుడికి బెయిలిచ్చిన తీర్పది. దాని తేదీ జూలై 3. తుది చార్జిషీటు వేస్తామని సొలిసిటర్ జనరల్ చెప్పిన రోజే. కాకతాళీయమే అనుకోండి. నెల దాటిన కొద్ది రోజులకే గవాయ్ గారు ఆ గొలుసును మాజీ ఉప ముఖ్యమంత్రి కేసులోకి తెచ్చారు. పలుకుబడి ఉన్నవాడి బెయిలుకు పేరులేని వాళ్ళ కేసులే ఆధారమయ్యాయి.

ఆ తర్వాత వచ్చే పేరా కింది కోర్టులకు మందలింపు. బెయిలు విషయంలో ట్రయల్ కోర్టులు, హైకోర్టులు తమకేం మచ్చ అంటకుండా చూసుకుంటున్నాయని, బెయిలే నియమమన్నది మర్చిపోతున్నాయని, ఆ కారణంగా సుప్రీంకోర్టు బెయిలు పిటిషన్లతో నిండిపోతోందని. దేశమంతా ఎత్తి రాసింది ఈ పేరానే. పనితనం దృష్టితో చూస్తే తీర్పులో తక్కువ కష్టపడి రాసిన పేరా కూడా ఇదే. పెద్ద కోర్టు చిన్న కోర్టుకు ధైర్యం లేదనడం సులువు. పెద్ద కేసులో బెయిలిచ్చిన మర్నాడు పేపర్లో పేరు, పైన ఫిర్యాదు, పదోన్నతి ఫైలులో గీత పడతాయేమోనన్న భయం జిల్లా జడ్జికి ఎందుకుందో ఆ పేరా అడగలేదు.

షరతుల దగ్గర చెయ్యి మళ్ళీ నిలకడగా ఉంది. పది లక్షల రూపాయల బాండు, అంతే మొత్తానికి ఇద్దరి పూచీకత్తు, పాస్‌పోర్టు అప్పగింత, సోమ, గురువారాల్లో ఉదయం పది పదకొండు గంటల మధ్య దర్యాప్తు అధికారి దగ్గర హాజరు, సాక్షుల జోలికి వెళ్ళకపోవడం. సచివాలయానికి వెళ్ళకుండా కట్టడి చేయమని ఈడీ తరఫున అడిగితే ఒప్పుకోలేదు. సాక్ష్యం ముఖ్యంగా కాగితాల్లో ఉంది, ఆ కాగితాలు ఇప్పటికే స్వాధీనంలో ఉన్నాయి, ఇక చెరిపేదేముంది అన్న ముందరి తర్కానికి ఇది అతికినట్టు సరిపోయింది.

ఈ పద్ధతి కొత్తదేం కాదనడానికి వెనక్కి చూడాలి. 2011 నవంబర్‌లో 2జీ కేసులో సంజయ్ చంద్రా తదితరులకు బెయిలిస్తూ జస్టిస్ హెచ్.ఎల్. దత్తు రాసిన తీర్పు ఇదే తర్కానికి పెద్దన్న. ఆరోపణ ఎంత పెద్దదైనా ఆ ఒక్క కారణంతో జైల్లో ఉంచకూడదన్నారు. ఆరేళ్ళ తర్వాత, 2017 డిసెంబర్ 21న, ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. ఆ బెయిలు రాకపోయుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అయితే దత్తు గారి మాట నిలబడలేదు. 2013 మే 9న వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కేసులో జస్టిస్ పి. సదాశివం ధర్మాసనం, ఆర్థిక నేరాలు ప్రత్యేక తరగతికి చెందినవంది, బెయిలు నిరాకరించింది. అప్పట్నుంచి దేశంలో ఏ మూల అవినీతి కేసులో బెయిలు వద్దనాలన్నా ఆ వాక్యాన్నే వల్లిస్తున్నారు. దాంట్లో కూడా ఓ గడువుంది, చాలామందికి గుర్తుండదు. నాలుగు నెలల్లో సీబీఐ దర్యాప్తు పూర్తి చేసి చార్జిషీట్లు వేయాలి, ఆ తర్వాత ఆయన ట్రయల్ కోర్టులో మళ్ళీ అడగవచ్చు. సెప్టెంబర్ 23న హైదరాబాద్ సీబీఐ కోర్టు బెయిలిచ్చింది. పదహారు నెలల జైలు తర్వాత బయటికొచ్చారు. సిసోదియాకు పదిహేడు. రెండు కేసుల్లోనూ తలుపు తెరిచింది గడువే. తేడా ఏమిటంటే, 2013 నాటి గడువు దర్యాప్తుకు, 2023 నాటిది విచారణకు. ఈ చిన్న తేడా చాలా పెద్దది. చార్జిషీటు వేయగానే దర్యాప్తు గడువు తీరుతుంది. విచారణకు గడువు పెడితే కేసు కదలాలి, లేదా మనిషిని వదలాలి.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు దాచడం తగదు. ఎన్నాళ్ళయితే ఆలస్యం అవుతుందో ఈ తీర్పు చెప్పలేదు. పదిహేడు నెలలు ఎక్కువ, సరే. పన్నెండు? ఎనిమిది? 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టమే, విచారణను రెండేళ్ళలో ముగించే ప్రయత్నం చేయాలంటోంది. కారణాలు రాసి ఆరేసి నెలలు పొడిగిస్తూ పోయినా మొత్తం నాలుగేళ్ళు దాటకూడదంటోంది. చట్టం పెట్టిన ఈ కొలబద్ద మీద బెయిలు లెక్క కట్టివుంటే, తర్వాత వచ్చేవాళ్ళకు చేతికో కర్ర దొరికేది. హామీ రికార్డులో ఉన్నవాడికి ఈ తీర్పు బాగా పనికొస్తుంది. ఏ హామీ ఎవరూ ఇవ్వని ఊరి గుమాస్తా, వీఆర్వో, కాంట్రాక్టు ఇంజినీరు సంగతేమిటి? వాళ్ళ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆరు నెలల్లో ముగిస్తామని ఏ కోర్టులోనూ అనడు.

ఇంకో సంగతి. బెయిలు ఆలస్యానికి పరిహారమే తప్ప వైద్యం కాదు. హైదరాబాద్‌లో జగన్ పాత కేసుల విచారణ 2024 నాటికి కూడా ముగియలేదు. మనిషి బయటికి రాగానే విచారణను తొందరపెట్టే అవసరం ఏ పక్షానికీ ఉండదు. నేరం రుజువైతే శిక్ష, కాకపోతే మచ్చ తుడుచుకోవడం, రెండూ వాయిదాల్లో పడివుంటాయి. ప్రజల సొమ్ము పోయిందో లేదో కూడా తేలదు. ఈ రెండో అన్యాయం గురించి తీర్పులో దాదాపు ఏమీ లేదు. అడిగింది బెయిలు కాబట్టి ఉండనక్కర్లేదని వాదించవచ్చు. కింది కోర్టులను మందలించడానికి ఓ పేరా దొరికినప్పుడు, రోజువారీ విచారణ జరపమనడానికి ఇంకో పేరా దొరక్కపోదు కదా అన్నది నా ఫిర్యాదు.

తీర్పు బలం దాని తర్వాతి రోజుల్లో తేలింది. ఆగస్టు 27న ఇదే ధర్మాసనం, ఇదే మద్యం కేసులో తెలంగాణ ఎమ్మెల్సీ కల్వకుంట్ల కవితకు బెయిలిచ్చింది. మార్చి 15న హైదరాబాద్‌లో అరెస్టయిన ఆమె అయిదు నెలలకు పైగా జైల్లో ఉన్నారు. అదే 493 మంది సాక్షులు, అదే తర్కం. 45వ సెక్షన్‌లో మహిళలకిచ్చిన మినహాయింపు చదువుకున్న, పలుకుబడి ఉన్న మహిళకు వర్తించదన్నట్టు హైకోర్టు అన్న మాటను కూడా అక్కడ సరిదిద్దారు. మర్నాడు ప్రేమ్ ప్రకాశ్ కేసులో, మనీలాండరింగ్ చట్టం కింద కూడా బెయిలే నియమమని జస్టిస్ విశ్వనాథన్ రాశారు. సెప్టెంబర్ 26న తమిళనాడు మాజీ మంత్రి సెంథిల్ బాలాజీ కేసులో జస్టిస్ ఎ.ఎస్. ఓకా ధర్మాసనం అదే దారిన నడిచింది. ఏడు వారాల్లో ఇన్ని. పాత ఉత్తర్వు రాసిన ఖన్నా గారు, కొత్త తీర్పు రాసిన గవాయ్ గారు ఒకరి తర్వాత ఒకరు ప్రధాన న్యాయమూర్తులు కావడం అదనపు విశేషం.

బెయిలు పిటిషన్లు రాసే యువ లాయర్లకు నాదో మనవి. సుప్రీంకోర్టు వెబ్‌సైటులో 2024 ఐఎన్‌ఎస్‌సీ 595 అని కొడితే ఈ తీర్పు ఉచితంగా దొరుకుతుంది. వైకుంఠపాళి వాక్యం కోసం, కింది కోర్టుల మందలింపు కోసం అయితే చదవకండి, అవి పేపర్లలో వచ్చాయి. అక్టోబర్ 30 ఉత్తర్వును, జూన్ 4 ఉత్తర్వును పక్కన పెట్టుకుని, తేదీలు విడిగా ఓ కాగితం మీద రాసుకుంటూ చదవండి. తర్వాత మీ క్లయింటు ఫైలు తెరిచి, ఏ వాయిదా ఎవరు అడిగారో, ఏ పిటిషన్ మీద జడ్జి ఏమని రాశారో అలాంటి పట్టికే తయారుచేసి పిటిషన్ మొదటి పేజీలో పెట్టండి.